ఏ చిప్పుకు మొదటి బొట్టు?

నా తోడల్లుడి దగ్గర ఒక తెల్లని కంప్యూటర్ చిప్పు ఉంది. పింగాణీ ఒళ్లు, మధ్యలో బంగారు రంగు మూత, కింద వరసగా పసిడి కాళ్లు. అది గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

కరీంనగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. పాత చిప్పులు పోగుచేసే పిచ్చి ముందు పట్టింది నాకే, ఆయనకు అంటించిందీ నేనే. ఏకు మేకైంది! ఆయనకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం, అక్కణ్నుంచి నాగపూర్ దగ్గర. ఆ నాగపూర్ తుక్కు బజారులో దొరికిందట. ఇన్నేళ్లు తుక్కు తవ్విన నాకు దొరకనిది నిన్నగాక మొన్న మొదలుపెట్టిన మనిషికి దొరికింది.

దసరాకు ఇద్దరం ఎవరి చిప్పు వాళ్లం జేబులో వేసుకుని అత్తగారింట్లో కలిశాం. వాళ్లది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఇల్లు. ఆయుధపూజ నాడు నాడెలు, కత్తెరలు, రెంచీలు పీట మీద పేరుస్తారు. అన్నిటికంటే పాతదానికి అత్తమ్మ మొదటి బొట్టు పెడుతుంది.

"ఈసారి అల్లుండ్లయి గూడ పెట్టుండ్రి. మీ రెండిట్ల ఏది పాతదైతే దానికే మొదటి బొట్టు" అంది.

పెద్దల్లుణ్ని నేను. ఆ బొట్టు నాకే రావాలి. నా చిప్పు ఆకుపచ్చ పలక మీద ఉంటుంది, దుకాణం పెట్టిన కొత్తలో మొట్టమొదట విప్పిన కంప్యూటర్‌లోది.

"అన్నా, ఏమనుకోకు" అన్నాడు తోడల్లుడు. "పింగాణీదైతేనే వింటేజ్. గీ ప్లాస్టిక్ పలకలొచ్చినంక అన్నీ మోడర్న్ లెక్కనే."

"ఎవలు జెప్పిండ్రు? దీన్ని పెట్టే మదర్‌బోర్డు ఇయ్యాల ఏ దుకాణంల దొరుకుతదో జూపియ్యి! జత దొరకనిది కొత్తదెట్లయితది?"

"అట్లయితే మొన్న పగిలిన నా ఫోన్ గూడ వింటేజే గద అన్నా."

ఇల్లంతా పకపకా నవ్వింది. నా ఆవిడ కూడా! నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తమ్మ రెండు చిప్పులనూ అరచేతుల్లో పెట్టుకుని చూసింది. "గిది మా అవ్వ తొక్కు పెట్టిన జాడి లెక్కున్నది. గిదే పాతది" అని తెల్లదానికి తడిపసుపు అద్ది, పైన కుంకుమ పెట్టింది.

నా ప్రాణం లేచొచ్చింది. నున్నటి మెరుపు లేని ఆ పింగాణీ పసుపును పీల్చేసుకుంటుంది. పూజయ్యాక ఆయన తడిగుడ్డతో ఎంత తుడిచినా పచ్చ మరక పోలేదు. కడుపు చల్లబడింది నాకు.

"అయ్యో, ఖరాబైంది గద!" అన్నాను, ఎక్కడలేని జాలి తెచ్చుకుని.

ఆయన చిప్పును వెలుతురుకు పట్టుకుని మురిసిపోయాడు. "ఖరాబేంది అన్నా? అత్తమ్మ వేలు గుర్తున్న చిప్పు దునియల ఇంకెవలి దగ్గరున్నది?"

మళ్లీ మొదలైంది మంట. అంతవరకూ చిప్పు మీద ఉన్న నా ఏడుపు ఇప్పుడు ఆ మరక మీదికి పోయింది. నా మొహం చూసి అత్తమ్మ పిలిచింది. "నీదిటియ్యి బిడ్డా, దానికి గూడ పెడుత." పెట్టింది, ఆయనదానికంటే పెద్దగానే. తుడవకుండా రుమాల్లో చుట్టుకుని, బస్సు కుదుపులకు అదరకుండా దారి పొడుగునా జేబు మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను.

కరీంనగర్‌లో దిగి రుమాలు విప్పాను. పసుపంతా ఎండి పొడిగా గుడ్డలో రాలి ఉంది. చిప్పు మాత్రం అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. గోటితో గీకి మరీ చూశాను. ఎక్కడా మరక లేదు.