రెండోసారి లాగిన పింజ

మా ఇంట్లో పత్తి పింజను రెండోసారి లాగటం నామోషీ. మా తాత పత్తి నింపిన గోనె బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పత్తి తీసి, గింజ వదిలించి, పింజను రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి తన నల్లకోటు చేతి మీద పరిచేవాడు. ఒక్క చూపు. ఆ తర్వాత పొడుగు పింజో, మధ్యరకమో, పొట్టి పింజో, ఒక్క మాట. ఆ మాట మీద రైతు నోరెత్తేవాడు కాదు, కొనేవాడూ ఎత్తేవాడు కాదు.

నా కాలానికి రాయచూరు మార్కెట్టు గంజ్‌లో, రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే మా అడ్తి దుకాణం బోర్డు దిగిపోయింది. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు పోయింది. ఇల్లు వేరేవాళ్ళ పేరు మీదికి మారింది. పింజ చూసే చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చేతితోనే, ఒకప్పుడు మా దగ్గర గుమాస్తాగా ఉన్నాయన కొడుకు పెట్టుకున్న అడ్తిలో పనికి కుదిరాను. బోరేలు విప్పగానే పింజ చూసి మాట చెప్పటమే నా పని. దుకాణం అతనిది, మాట మాది అనుకునేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా లేకుండా గంజ్‌లో అడుగు పెట్టింది లేదు. అతను తన తండ్రి పిలిచినట్టే నన్ను చిన్న సేటు అని పిలిచేవాడు. అది మర్యాదో ఎగతాళో నాకు ఏనాడూ తెలియలేదు.

కృష్ణ ఒడ్డున కరెంటు కేంద్రం పొగగొట్టాలు ఒకటొకటిగా లేస్తున్న ఏళ్ళవి. ఊళ్ళో ఎవరిని కదిపినా ఉద్యోగాల మాటే, కాంట్రాక్టుల మాటే. అందరికీ ఏదో రాబోతోందన్న ఆశ ఉన్న ఆ రోజుల్లోనే నాకు ఇక ఏమీ రాదని తెలిసిపోయింది. అనిపించటం కాదు, తెలిసిపోయింది. పొద్దున కళ్ళు తెరవకముందే అది వచ్చి గుండె మీద కూర్చునేది. అద్దె ఇంటి మిద్దె ఎక్కి చూస్తే దూరాన ఆ పొగ సన్నని గీతలా కనిపించేది. అది ఎటు వాలినా నాకు చెడే తోచేది.

"కరెంటు ఆడ పుడతది, చీకటి మన ఇంట్ల పుడతది," అనేది నా భార్య, దీపాలు పోయినప్పుడల్లా. నవ్వించాలని చూసేది. నేను నవ్వకపోతే తనే నవ్వేసి లాంతరు వెలిగించేది.

అది మనసుకు పట్టిన జబ్బు. దానికి రెండు ముఖాలు ఉండేవి. ఒక ముఖం దేన్నీ నమ్మనిచ్చేది కాదు. తలుపుకు తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదోనని తిరిగొచ్చేవాణ్ణి. గంజ్‌లో ఎవరో పలకరిస్తే, బదులిచ్చానో లేదో సాయంత్రం దాకా తవ్వుకునేవాణ్ణి. రెండో ముఖం ఒక్క సంగతిని మాత్రం పూర్తిగా నమ్మించేది. మా వంశం విలువ నాతో ముగిసిపోయిందని. తాళం విషయంలో నాకు అనుమానం, నా పతనం విషయంలో అనుమానమే లేదు.

పక్క ఊళ్ళో డాక్టరు దగ్గరికి నా భార్యే తీసుకుపోయింది. రాయచూరులో అయితే ఎవరైనా చూస్తారని నేను ఒప్పుకోలేదు. ఆ డాక్టరు నేను చెప్పిందంతా విని, "మీకు తెలుసా, లేక తెలిసినట్టు ఉందా?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో ఆ రెండూ వేరని ఎవరూ నేర్పలేదు. మాత్రలు రాసిచ్చాడు. వాటివల్ల నిద్ర కాస్త కుదిరింది కాని, వేళ్ళ కొసలు సన్నగా వణకటం మొదలైంది.

ఒక పొద్దున లేవలేకపోయాను. నా భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "ఇయ్యాల పోకున్నా నడుస్తది," అంది.

"పోకపోతే?"

"పోకపోతే ఏమైతది? పత్తి ఏడికి పోదు."

"మాట పోతది."

"మాట పోతే ఇంకోటి మాట్లాడొచ్చు. ముందుగాల చాయ్ తాగున్రి, చల్లారుతున్నది."

ఆమె పుట్టిల్లు కూడా అడ్తి ఇల్లే. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అనుకుంటూ చొక్కా వేసుకున్నాను. గుండీలు పెట్టటానికి చాలాసేపు పట్టింది.

గంజ్ చేరేసరికి అరకేర నుంచి వచ్చిన ఒక రైతు బండి దించుతున్నారు. ఏడాది చాకిరీ ఆ బోరేల్లో ఉంది, అతను వాటి పక్కనే బిడ్డల పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు. హమాలీలు మొదటి బోరెం మూతి విప్పారు. చెయ్యి పెట్టాను. అడుగు నుంచి పత్తి తీశాను, గింజ వదిలించాను, లాగాను. పింజ చేతిలో పొట్టిగా విడిపోయింది. చూడగానే లోపల ఆ గట్టితనం లేచింది. తిరుగులేనట్టు తెలిసింది.

"పొట్టి పింజ," అన్నాను.

రైతు నా ముఖంలోకి చూశాడు. "ఏన్రీ సావ్‌కార్రీ, ఇదేం మాట! పోయినేడు ఇదే చేను, ఇదే ఇత్తనం. మీరే పొడుగంటిరి గదా."

దుకాణదారు గద్దె మీద నుంచి దిగకుండానే, "చిన్న సేటు నోట్లకెల్లి వచ్చినంక అయిపాయె. తూకం పెట్టున్రి," అన్నాడు.

అయిపోయినట్టే. తాత కాలం నుంచి ఉన్న పద్ధతే. నేను చెయ్యి దులుపుకుని రెండో బోరెం దగ్గరికి నడవాలి. కాని కాలు కదలలేదు. ఇప్పుడు లోపల లేచిన గట్టితనాన్ని నేను ఎరుగుదును. పొద్దున మంచం మీద నా వంశం అయిపోయిందని చెప్పిన గొంతే అది. పత్తిని చూసి పుట్టింది కాదు. నేను గంజ్‌కు రాకముందే అది నాతో వచ్చింది. అయినా అది అబద్ధమని ఎలా చెప్పను? పొట్టి పత్తి కూడా లోకంలో ఉంటుంది కదా. చేను అదే అయినా ఆ ఏడు వాన వేరు.

"ఆగు," అన్నాను.

తూకం దగ్గర హమాలీ ఆగాడు. నేను మళ్ళీ బోరెంలోకి చెయ్యి పెట్టాను. మా ఇంట్లో ఎవరూ చేయని పని. పత్తి తీసి లాగాను. వేళ్ళు వణికాయి, పింజ మధ్యలో తెగింది. ఇంకొకటి తీశాను. ఈసారి పొడుగ్గా వచ్చినట్టు ఉంది. చేతి మీద పరిచి చూస్తే ఒకసారి పొడుగు, ఒకసారి మధ్యరకం. ఏది పత్తి పొడవో, ఏది నా వేళ్ళు తెంపిన పొడవో తెలియలేదు.

"సేటు చెయ్యికి ఇయ్యాల చలి పెడుతున్నట్టున్నది," అన్నాడు హమాలీ. పక్క దుకాణం వాళ్ళు నవ్వారు.

ఒక మాట చెప్పేసి బయటపడవచ్చు. పొడుగు అంటే రైతు సంతోషిస్తాడు. పొట్టి అంటే నా మాట నిలుస్తుంది. రెండింటిలో ఏదన్నా గంజ్ ఒప్పుకుంటుంది. నేను పింజను పట్టుకుని గద్దె దగ్గరికి నడిచాను.

"నాకు తెలుస్తలేదు," అన్నాను. "నువ్వు చూడు."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. మా దుకాణంలో అతని తండ్రి తలనెరిసేదాకా పని చేశాడు, కాని పింజ మీద వేలు పెట్టనివ్వలేదు మా తాత. రాత పని గుమాస్తాది, చూపు ఇంటివాళ్ళది.

"నన్ను చూడమంటివా?"

"నిన్నే."

"గట్లెట్ల సేటూ? నలుగురు చూస్తున్నరు."

"చూడనీ."

అతను గద్దె దిగి వచ్చాడు. బోరెంలో చెయ్యి పెట్టేముందు ధోవతికి తుడుచుకున్నాడు. తీశాడు, లాగాడు, పగటి వెలుతురుకు ఎత్తి చూశాడు. మళ్ళీ లాగాడు.

"పొట్టి అయితే కాదు," అన్నాడు చివరికి. "పొడుగని గూడ అనలేను. నడిమి రకం అనుకుంటున్న. అనుకుంటున్న, అంతే."

రైతుకు ఆ 'అనుకుంటున్న' నచ్చలేదు. "ఇద్దరు సావ్‌కార్లు గూడి ఒక్క మాట చెప్పలేకపాయిరి," అని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. కాసేపు గొణిగి, మధ్యరకం కిందనే వేలానికి ఒప్పుకున్నాడు. వేలం పాట సాగుతున్నంతసేపూ నేను గోడకు ఆనకుండా నిలబడ్డాను. అది నిజంగా ఏ రకమో నాకు ఆనాడు తెలియలేదు, ఈనాటికీ తెలియదు. నా మొదటి మాటే సరైందేమో. అలాగైతే కొన్నవాడికి అన్యాయం చేశానేమో. ఆ పురుగు చాలా రోజులు తొలిచింది.

తాత మాట నా చేతుల్లోనే పోయిందన్న బాధ వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది కూడా. నలుగురి ముందు తెలియదన్నవాణ్ణి, మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి. కాని ఆ బాధ పక్కనే ఒక చిన్న ఖాళీ కూడా ఉంది. పొద్దున గుండె మీద కూర్చున్నది అంత ఖచ్చితంగా చెప్పిన ఒక మాట మీద ఇద్దరికి అనుమానం కలిగింది. అంటే అది చెప్పే మిగతా మాటల మీద కూడా అనుమానపడవచ్చు. అది ధైర్యం కాదు. సందు మాత్రమే.

మధ్యాహ్నం అతను నా దగ్గరికి వచ్చి, "రేపు వస్తవా సేటూ?" అని అడిగాడు. ఎన్నడూ అడిగింది లేదు. వెళ్ళగొట్టటానికి అడుగుతున్నాడో, రాననుకుని భయపడి అడుగుతున్నాడో పోల్చుకోలేకపోయాను.

రాకేం, మా ఇంటివాళ్ళు ఏనాడైనా మానారా అని నోటి దాకా వచ్చింది.

"పొద్దున లేస్తే వస్త," అన్నాను. "లేవకపోతే నువ్వే చూసుకో."