గోరువెచ్చని ముర్రాట

ఫాల్గుణం సగం దాటాక కూడా అరసవల్లిలో మా వీధి చివరి టీ బడ్డీ దగ్గర జనం మంకీ టోపీలతోనే నిలబడ్డారు. మా జిల్లాలో శివరాత్రి వెళ్లిందంటే చలి పని అయిపోయినట్టే. ఫ్యాను రెక్కల దుమ్ము తుడుచుకునే రోజులవి. ఈసారి మాత్రం పెట్టెలో మడిచి పెట్టేసిన శాలువాను మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. సూర్యుడి గుడికి వచ్చిన యాత్రికులు ఆకాశంలో సూర్యుడే కనబడడం లేదని నవ్వుకుంటూ లాడ్జీల్లోకి పోయి దుప్పట్లు అడిగేవారు.

ఆ వారమే ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. మట్టిరోడ్డు, పక్కన మామిడితోట, నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది. కింద ఎవరో 'చరిత్రలో తొలిసారి మన జిల్లాలో కాశ్మీర్' అని రాశారు. ఆ 'తొలిసారి' అన్న మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చరిత్ర తిరగేసినవాళ్లెవరూ అంత తేలిగ్గా ఆ మాట అనరు. పైగా అది కాశ్మీరు మంచూ కాదు, వడగళ్లు. ఇదంతా రాసి పంపుదామని కూర్చున్నాక గాని గమనించలేదు, ఆ రోడ్డు నరసన్నపేట అవతల మా అప్ప ఊరిది. అక్కను మేం అప్ప అంటాం.

మర్నాడు పొద్దున్నే అప్ప ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడా, నువ్వోపాలి రావాల్రా."

"దెబ్బలేటైనా తగిలాయా?"

"మనుసులకి తగల్లేదు. తోటలే పోనాయి. అందరూ మన కోడలి పేరే సెప్తన్నారు."

"వడగళ్లకీ కోడలికీ ఏటి సమ్మందం?"

"కొత్తలకి ముందే కాయ తినీసినాది."

బయటివాళ్లకు ఇది చెప్పాలి. ఉగాదికి ముందు రోజు మాకు కొత్త అమావాస్య. ఆ పూట కొత్త మామిడికాయను అమ్మవారికీ, గతించిన పెద్దలకూ పెట్టాకే ఇంట్లోవాళ్లు నోట పెట్టాలి. దాన్నే కొత్తలు పెట్టడం అంటారు. అందాకా గుత్తులు గుత్తులుగా వేలాడినా అది మన కాయ కాదు. అప్ప కోడలికి ఏడో నెల. దొడ్లో చెట్టు కింది కొమ్మనుంచి ఒక కాయ తెంపి కొరుకుతుంటే పక్కింటావిడ చూసింది. రెండు రోజులకు వడగళ్లు పడ్డాయి. ఊరికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

శిక్ష కూడా తేల్చేశారు. కోడలు తెల్లవారుజామున గెడ్డలో, అంటే ఊరి వాగులో, మునగాలి. తడిచీరతో ముర్రాట, అంటే పసుపునీళ్లూ వేపాకులూ వేసిన కుండ, నెత్తిన పెట్టుకుని ఊరి చివరి అమ్మవారి దాకా నడిచి, ఆ నీళ్లు పోసి తప్పు ఒప్పుకోవాలి. మామూలు ఫాల్గుణంలోనైతే గెడ్డ నీళ్లు కొంచెం జిల్లుమంటాయంతే. ఈ ఫాల్గుణంలో దుప్పటి కప్పుకున్న మగవాళ్లే గడప దాటడం లేదు. ఆ పిల్లకు వారం రోజులుగా దగ్గు. చూడడానికి వచ్చిన నర్సమ్మ, చలిగాలిలో తిరగవద్దని గట్టిగా చెప్పి వెళ్లిందట. ఆ పిల్ల మొగుడు, మా మేనల్లుడు, లారీ వేసుకుని రాయపూర్ వైపు పోయాడు. ఫోన్లో అడిగితే "అమ్మ ఎలగంటే అలగే మావయ్యా" అన్నాడు.

నేను హేతువాద సభల్లో వాదించిన మనిషిని. ఒక పిడివాదం కూలాలంటే దాని పునాది ఎక్కడుందో ముందు చూసుకుంటాను. ఇక్కడ పునాది 'ఎన్నడూ లేనిది' అన్న మాట. ఎన్నడూ లేనిది వచ్చింది కాబట్టి ఎవరో ఏదో చేసి ఉండాలి, ఇదీ వాళ్ల తర్కం. వాతావరణ లెక్కలు చూసే ఉద్యోగం చేసి దిగిపోయిన పాత మిత్రుడొకరు ఉన్నారు. ఆయనను అడిగితే పాత రికార్డుల నకళ్లు పంపారు. రాత్రి చలి ఉగాది దాకా సాగిన ఏడాదులు అందులో కొన్ని ఉన్నాయి. వసంతంలో వడగళ్లు పడ్డ ఏడాదులూ ఉన్నాయి. చలీ వడగళ్లూ కలిసి వచ్చిన ఏడాది కూడా ఒకటి దొరికింది. అప్పటికి నేను ఇంకా బడిలో చదువుకుంటున్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఊరు చేరేసరికి దారంతా ఆకుల తుక్కు. పిందెలూ కాయలూ రాలి కుప్పలుగా పడి ఉన్నాయి. చలికి జీడిపూత అప్పటికే నల్లబడింది. తోట గట్ల మీద మనుషులు ఊరికే కూర్చుని ఉన్నారు. వాళ్ల మీద కోపంతో వచ్చాను గాని, ఆ కూర్చోవడం చూశాక కోపం నిలుపుకోవడం కష్టమైంది.

కోడలు వంటింట్లో పొయ్యి దగ్గర ముడుచుకుని ఉంది. రామతీర్థం వైపు పిల్ల.

"నాకు తెల్దని కాదు మావయ్యా. మా వొయిపూ కొత్తలు పెట్టాకే తింటాం. ఆ వాసనకి నోరాగలేదు. ఒక్క కాయే. ఉప్పు కూడా అద్దుకోలేదు."

"ఉప్పద్దుకుంటే పిడుగులు పడేవేటి?" అన్నాను.

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. అప్ప ఆ పిల్ల వీపు రాస్తూ నా వైపు చూడకుండానే అంది: "ఎలగోలా మొయ్యక తప్పదురా. రేపు కాన్పు కష్టమైతే, నాను ఆపినందుకే అంటారు. నానూ అలగే అనుకుంటాను."

రమ్మన్నది తనే. నేను వాదించి గెలవాలని తనకు ఉంది. నా మాట నమ్మడానికి మాత్రం భయం.

సాయంత్రం రామమందిరం అరుగు మీద అందరం కూర్చున్నాం. పెద్దరికం అప్ప భర్తకు అన్న వరసై, నాకు బావయ్యే ఒకాయనది. ఆయన తోట ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. అయినా నన్ను చూడగానే వేళాకోళం మానలేదు.

"ఏటి బావమరిదీ, దేవుడు లేడని సెప్పడానికి ఇంత సలిలో వొచ్చినావా? శాలువా మాత్రం పూజారికంటే బాగా కప్పినావు."

"సలికి దేవుడితో పన్లేదు బావా. నమ్మినోడికీ నమ్మనోడికీ ఒక్కలాగే ఏస్తాది."

కాగితం తీసి చదివాను. ఏ ఏడాది చలి ఎన్నాళ్లుంది, వడగళ్లు ఎప్పుడు పడ్డాయి, అన్నీ నిదానంగా చెప్పాను. ఇది మొదటిసారి కాదు, ఆఖరుసారీ కాదు అన్నాను. పైన గాలి బాగా చల్లబడి, కింద నుంచి తేమ ఎగదన్నితే నీటిచుక్క గడ్డకడుతుందని, దానికి ఎవరి నోరూ కారణం కాదని వివరించాను. విన్నారు. మర్యాదగానే విన్నారు.

బావ తలూపాడు. "నువ్వు సదివింది అబద్దమని నానన్ను. ఇదివరకూ పడ్డాయి, సరే. మరి ఆ యేడూ ఎవులో తప్పు సేసే ఉంటారు కదా?"

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేక కాదు. ఉంది, చాలా ఉంది. కాని దేన్నైనా తన వైపు తిప్పుకునే వాదంతో ఎంత మాట్లాడినా గిరగిరా తిరగడమే. నేను మళ్లీ మొదలెట్టబోతుంటే గుమ్మం పక్కన ఆడవాళ్లలో కూర్చున్న అప్ప అడిగింది.

"తమ్ముడా, ఆ ఆఖరున సదివింది అమ్మకి జొరమొచ్చిన యేడేనా?"

లెక్కవేసుకున్నాను. అదే.

"అయితే తప్పు సేసింది నానే," అంది అప్ప.

అరుగు మీదివాళ్లంతా తన వైపు తిరిగారు.

"నాకు కొత్తగా పెళ్లయినాది. అమ్మోరి సంబరానికి సాటింపు ఏసీసారు. సాటింపయ్యాక ఊరు దాటి రాత్రుండకూడదు కదా. మా అమ్మకి జొరమని కబురొస్తే ఎల్లిపోనాను. రెండు రాత్రులుండి వొచ్చీసరికి ఇక్కడ వడగళ్లు. మా అత్త నన్ను గెడ్డలో ముంచి ముర్రాట మోయించినాది. ఇలాటి సలే. అప్పటికి నాకు మూడో నెల."

"నీకు పెద్దోడే కదా మొదలు..." అన్నాడు బావ.

"ఆడు మొదలు కాదు. అది నిలబళ్లేదు. ఎవులికీ సెప్పలేదు. మీ తమ్ముడికీ సెప్పలేదు."

నాకు ఆ రెండు రాత్రులూ గుర్తున్నాయి. అప్ప అమ్మ మంచం పక్కనే కూర్చుని తడిగుడ్డ మార్చుతూ ఉండడం గుర్తుంది. అది ఇక్కడ తప్పుగా లెక్కకెక్కిందని ఇన్నేళ్లూ తెలియదు. పైగా నా చేతిలోని కాగితం ఇప్పుడు మరొకటి కూడా చెబుతోంది: ఆ ఏడాది వడగళ్లు తనవల్ల రాలేదు, తను మోసిన ముర్రాట వల్ల ఆగనూలేదు. తను పోగొట్టుకున్నదానికి ఏ ప్రయోజనమూ లేదు. సభల్లోనైతే ఈ వాక్యాన్ని గొంతెత్తి చెప్పేవాణ్ణి. అప్ప ముఖంలోకి చూస్తూ చెప్పలేకపోయాను. కాగితం మడిచేశాను.

చెప్పాల్సిన పని కూడా పడలేదు.

"అమ్మని సూడ్డానికెల్తే కోపమొచ్చే అమ్మోరా మనది?" అంది అప్ప బావతో. "సెప్పు బావా. కడుపుతో ఉన్న పిల్ల కాయ కొరికితే ఊరంతా రాళ్లేసే అమ్మోరా? ఇన్నేళ్లూ నన్నే అడుక్కుంటన్నాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతన్నాను."

బావ నేలకేసి చూస్తూ అన్నాడు: "అలగని ముర్రాట మానీమంటావా? ఊరు భయపడతాది."

"మానను. నానే మోస్తాను. పొడిచీరతోటి, ఏడి నీళ్లతోటి."

"ముర్రాటకి ఏడి నీళ్లా? ఎక్కడైనా ఉన్నాదా?"

"ఈ సలిలో అమ్మోరికి మాత్రం సలెయ్యదేటి?"

మొదట ఆడవాళ్లు నవ్వారు. తర్వాత బావ కూడా నవ్వేశాడు. శాలువా అంచుతో కళ్లు తుడుచుకుని, "సలికే వొచ్చాయి," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

మర్నాడు వెలుగు వచ్చాక అప్ప పొయ్యి మీంచి కుండ దింపింది. పొయ్యి కింద పుల్లలు ఎగదోసింది నేనే. అమ్మవారికి నీళ్లు కాచావా అని తర్వాత సభల మిత్రులు దెప్పారు. దెప్పనీ. ఏడో నెల పిల్ల ఆ పూట గెడ్డలో దిగలేదు. ముర్రాట వల్ల వడగళ్లు ఆగవని నేను ఆ రోజూ చెప్పాను, ఈ రోజూ చెబుతాను. అప్ప అమ్మవారి మీద నీళ్లు పోస్తుంటే రాతి మీంచి ఆవిరి లేచింది. దగ్గర నిలబడ్డవాళ్లంతా, బావతో సహా, చేతులు ముందుకు చాచి ఆ వెచ్చదనం పట్టుకున్నారు.

ఇంటికి వస్తూ దొడ్లో రాలిన కాయల్లో ఒకటి ఏరింది అప్ప. కొత్త అమావాస్య ఇంకా రాలేదు. వడగల్లు తగిలి ఒక పక్క నల్లబడ్డ కాయ అది. కత్తిపీట ముందు కూర్చుని ఆ పక్క కోసి పారేసింది. మిగిలింది ముక్కలు చేసి పళ్లెంలో పెట్టి, ఉప్పూ కారం వేసి కోడలి ముందుకు తోసింది.

కోడలు ముట్టుకోలేదు. అత్త ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"దగ్గుతో ఎక్కువ తినకు," అంది అప్ప. ముందు తనే ఒక ముక్క నోట్లో వేసుకుంది. పులుపుకు ముఖం ముడుచుకుంది.