ఒడిలో పగడం

రఘునాథపల్లి స్టేషన్లో ప్యాసింజర్ రైలు ఆగి చాలాసేపైంది. ఎండాకాలం మధ్యాహ్నం. నా ఎదుటి సీట్లో నలభై ఏళ్లావిడ ఒడిలో థర్మాకోల్ పెట్టె పట్టుకుని కూర్చుంది. మాటిమాటికీ మూత తీసి చూస్తోంది.

"ఏముందమ్మా అందులో?"

"పానమున్న పగడమన్నా, సముద్రంల పెరిగే జీవి. హైదరాబాద్ల పెంచెటోల్ల దగ్గర తెచ్చిన. మానుకోటల మా ఇంట్ల ఉప్పునీళ్ల తొట్టి ఉన్నది. 'మనకే ఏసీ లేదు, దానికి నీళ్లు సల్లవెట్టే మిషనా' అని మా ఆయన ఒకటే ఎక్కిరిచ్చుడు."

నవ్వబోయి ఆగింది. నిరుడు ఒక పూట కరెంటు పోయి, తొట్టి నీళ్లు వేడెక్కి, మొదటి పగడం చచ్చిపోయిందట.

"చేపయితే కొట్టుకుంటది, తెలుస్తది. గిది సప్పుడు చెయ్యకుంట తెల్లవడి సస్తది. పక్కనే కూసున్నా తెల్వలేదన్నా."

ఆమె పెట్టె నా వైపు జరిపింది. "జర పట్టి చూడు, నీళ్లు వేడైనయా?"

పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ నీళ్ల సంచి మీద చెయ్యి పెట్టాను. లోపల వేలెడంత పగడం. "నాకూ తెలియడం లేదమ్మా," అన్నాను.

"గదే నా భయం."

ఇంతలో పక్క లైన్లోకి వెనక్కి సికింద్రాబాద్ వెళ్లే బండి వచ్చింది. ఆమె మూత మూసి లేచింది. "పెంచినోల్లకే ఇచ్చేస్త. ఆడనన్న బతుకుతది."

ఆ బండి కదులుతుంటే చూశాను. కిటికీ సీటు ఖాళీగా ఉన్నా, ఎండ తగలని నడిమి సీట్లో ఇరుక్కుని కూర్చుంది.

మా ఇంట్లో ఎవరైనా చాలాసేపు మాట్లాడకుండా ఉంటే, ఇప్పుడు నేనే వెళ్లి పలకరిస్తున్నాను.