ఎడమ చక్రానికి కొత్త టైరు

నిమ్మకాయల దగ్గర మా చిన్నాయన ఎప్పుడూ పిసినారితనం చూపలేదు. శుక్రవారం వచ్చిందంటే అవినాశి బజారులో మచ్చలేని కాయలు ఏరి తెప్పించేవాడు. షెడ్డులో ఉన్న ప్రతి లారీకీ, ప్రతి చక్రం కిందా ఒక కాయ. కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, బండి కదిలి కాయలు చితికితే ఆయన మొహంలో ఎక్కడలేని తృప్తి. ఆ కాయను తొక్కిన టైరు ఎలా ఉందో వంగి చూసిన పాపాన మాత్రం పోలేదు. ఈ మాట ఇప్పుడు కోపంలో అంటున్నది కాదు. అప్పుడూ అన్నాను. నవ్వుతూ అన్నాను కాబట్టి అందరూ నవ్వి ఊరుకున్నారు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మా ఊరు తమిళనాట, తేని దగ్గర చిన్నమనూరు పక్కన. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే, చదివించింది ఆయనే. వరి, కొబ్బరి నమ్ముకుంటే లాభం లేదని పొలం కౌలుకిచ్చి, అవినాశికి వచ్చి లారీలు కొన్నాడు. ఇక్కడి నుంచి నూలు, బనీను గుడ్డ తీసుకెళ్తే, అక్కడి నుంచి కొబ్బరికాయలు వచ్చేవి. నాకు పెళ్ళీడు వచ్చాక మా బంధువుల్లోనే ఒక లారీ డ్రైవరుకు నన్నిచ్చి, ఆయనకు తన బండినే అప్పగించి, షెడ్డు పక్కన ఇల్లు కూడా ఇచ్చాడు. ఇన్ని ఇచ్చిన మనిషి గురించి చెడుగా రాయడం తేలిక కాదు. అయినా రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. చిన్ననాడు మా అవ్వ పలక మీద దిద్దించింది. చిన్నాయన దీన్ని చదవలేడు. చదవలేడు కాబట్టే దీనికింత ధైర్యం అని ఎవరైనా అంటే అననివ్వండి.

మా ఆయన ఆ షెడ్డులో డ్రైవరు కాదు, అల్లుడు. అదేదో పెద్ద గౌరవమని బయటివాళ్ళు అనుకుంటారు. గౌరవమే, ఎవరు కాదన్నారు? విందులో మొదటి ఆకు ఆయనకే వేస్తారు. కానీ మిగతా డ్రైవర్లకు టైరు నచ్చకపోతే తాళం బల్ల మీద పడేసి, వేరే షెడ్డు చూసుకుంటామని లేచిపోగలరు. అప్పుడు చిన్నాయనే పరుగెత్తి టైరు మార్పించేవాడు. అల్లుడు తాళం పడేస్తే అది మామ మొహాన విసిరికొట్టినట్టు. మా ఆయన ఆ పని ప్రాణం పోయినా చేయరు. ఆ సంగతి చిన్నాయనకు బాగా తెలుసు. అందుకే మిగతా బండ్లు వద్దన్న టైర్లన్నీ తిరిగి తిరిగి అల్లుడి బండికే చేరేవి.

అరిగిపోయిన టైరు పైభాగం గీకేసి, కొత్త రబ్బరు అంటించి, ఉడికించి మళ్ళీ వాడతారు. రీట్రెడ్ అంటారు. వెనక చక్రాలకు అది ఫరవాలేదు. అక్కడ జంట చక్రాలుంటాయి, ఒకటి పోతే పక్కది మోస్తుంది. ముందు చక్రానికి అలాంటి తోడు లేదు. అది పగిలితే బండి అటువైపు ఈడ్చుకుపోతుంది, స్టీరింగు చేతుల్లోంచి గిర్రున తిరిగిపోతుంది. భయపడి బ్రేకు తొక్కితే పని ఇంకా చెడుతుంది. స్టీరింగు వదలకుండా, కాలు మెల్లగా ఎత్తి, బండి తనంతట తాను నెమ్మదించేదాకా దానితో కుస్తీ పట్టాలి. బొటనవేళ్ళు స్టీరింగు లోపలికి పెట్టకూడదు, విరిగిపోతాయి. ఇవన్నీ మా ఆయన అన్నం తింటూ, కంచం అంచు పట్టుకుని చూపిస్తూ చెప్పేవారు. నేను కూర వడ్డిస్తూ వినేదాన్ని.

పోయిన వేసవిలో మా ఆయన బండికి ముందు ఎడమ చక్రం రీట్రెడ్‌దే. దాని పక్కన బుగ్గలాగా ఉబ్బు లేచింది. షెడ్డు గుమ్మంలో మామా అల్లుళ్ళ మాటలు నా వంటింట్లోకి వినిపించేవి.

“మామా, ముందర ఎడమ టయరుకు బుగ్గ లేచుండాది. ఈ ఎండలో లోడుతో పోతే అది నిలవదు.”

“మార్పిస్తాలే అల్లుడా. ఈ ఒక్క నడ పోయిరా.”

“పోయిన నడకూ ఇదే మాట అంటిరి.”

“కొంచెం పొరుత్తుకోప్పా. నీకు చేయక నేను ఇంకెవురికి చేస్తా?”

నడ అంటే ఒక ట్రిప్పు. పొరుత్తుకో అంటే ఓర్చుకో. రెండూ తమిళం నుంచి మా తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ మాటలే. చిన్నాయన నోట అవి ఎంత మెత్తగా వచ్చేవంటే, ఆ తర్వాత ఇంకో మాట అడగడానికి మా ఆయనకు సిగ్గేసేది. నేను అడగబోతే నన్నే కసిరేవారు.

ఒకరోజు ఎండ మాడిపోతున్న వేళ, చిన్నమనూరులో కొబ్బరికాయలు ఎత్తుకుని తేని వైపు వస్తుండగా ఆ టైరు పగిలింది. రోడ్డు పక్కన గొడుగు కింద జామకాయలమ్మే ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. లారీ ఆయన మీదికి పోయింది.

నాకు ఫోను చేసింది చిన్నాయన. “భయపడొద్దు అమ్మణ్ణీ, అల్లుడికి చెయ్యి మాత్రమే” అన్నాడు. ముసలాయన సంగతి ఎత్తలేదు. కారులో తేని దాకా తీసుకెళ్ళి, ఆసుపత్రి గేటు దగ్గర నన్ను దింపి, బండి పని చూసుకుని వస్తానని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళేసరికి మా ఆయన కుడి మణికట్టుకు కట్టు కట్టి ఉంది. స్టీరింగు తిరిగిన విసురుకు ఎముక విరిగిందట. నన్ను చూడగానే ఆయన అడగకుండానే చెప్పుకుపోయారు, సాక్షి చెప్పినట్టు.

“నేను బ్రేకు తొక్కలేదే. పట్టుకోనే ఉంటిని. చెయ్యి విరిగినాక కూడా విడవలేదు. ఆ తాత లేచి పక్కకు పోదామని చూసినాడు. మోకాళ్ళు పట్టుకోని మెల్లగా లేచినాడు. నాకు కనిపిస్తానే ఉండాది. ఏమీ చేయలేకపోతిని.”

ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పారు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు అన్నచోట ప్రతిసారీ ఆగేవారు. పక్క మంచం మీది రోగి కూడా తల తిప్పుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

మరునాడు పొద్దున పోలీసు స్టేషనుకు రమ్మన్నారు. ఆవరణలో ఒక పక్కన మా లారీ నిలబెట్టి ఉంది. ఎడమవైపు మూతి నలిగిపోయింది, లైటు ఊడి వేలాడుతోంది, బంపరు లోపలికి వంగిపోయింది. దాని కింద చక్రానికి నల్లగా నిగనిగలాడుతూ కొత్త టైరు. దుమ్ము లేదు, గీత లేదు. కొత్త టైరు మీద రబ్బరు పోగులు వెంట్రుకల్లా లేచి ఉంటాయి; రోడ్డు మీద కాసేపు తిరిగితే అరిగిపోతాయి. ఆ పోగులు కూడా అలాగే ఉన్నాయి. నేను వేళ్ళతో తడిమి చూశాను.

పగిలిన చక్రంతో బండిని రోడ్డు మీంచి తీయలేమని చెప్పి, చిన్నాయన ముందురోజే మెకానిక్కును తెచ్చుకున్నాడట. ఆ మాట నిజమే, తీయలేరు. చక్రం విప్పారు, ఇంకొకటి బిగించారు, బండిని స్టేషనుకు తోలారు. విప్పిన చక్రం ఏమైందో అడిగిన నాథుడు లేడు. రేపో మాపో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు, బండి చుట్టూ తిరిగి చూస్తాడు, టైర్లు బాగున్నాయని రాసుకుని పోతాడు. ఎండాకాలమంతా బతిమాలితే రాని టైరు ఒక్క పూటలో వచ్చేసింది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి దాన్ని అలాగే చూస్తున్నారు.

ఇక్కడ మా తెలుగు సంగతి ఒకటి చెప్పాలి. మా వాళ్ళు ఈ నేలకు వచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. మాకు బడి తమిళం, బజారు తమిళం, కోర్టు తమిళం. తెలుగు ఇంట్లోకి. ఇంట్లో కంటే కూడా, పక్కన పరాయివాళ్ళున్నప్పుడు. చీరల కొట్టులో ధర ఎక్కువ చెప్తున్నాడని వాడి ముందే చెప్పుకోవడానికీ, ఆసుపత్రిలో రోగి పక్కన నిలబడి డాక్టరును తిట్టుకోవడానికీ అది మాకు భలే పనికొస్తుంది. చిన్నప్పుడు నాకు అదొక సరదా.

స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ బల్ల వెనక టీ తాగుతున్నాడు. చిన్నాయన మా ఆయన పక్కన బెంచీ మీద కూర్చుని, గోడకేసి చూస్తూ, ఏదో ఊరి కబురు చెప్తున్నట్టు తెలుగులో మొదలుపెట్టాడు.

“అల్లుడా, నిదానంగా విను. టయరు పగిలిందని చెప్పొద్దు. కన్ను అసందిపోయె, నిద్ర పట్టేసె అని చెప్పు. నిద్ర అంటే మామూలు కేసు, వకీలును నేను పెడతా. నీ ఇల్లు, నీ బండి యాడికీ పోవు. టయరు అంటే ఇన్సూరెన్సోడు చెయ్యెత్తేస్తాడు. ఆ ముసలోని పెండ్లానికి చిల్లిగవ్వ రాదు. మనిషి పోయె, డబ్బు కూడా పోవల్నా? ఆ పాపం నీకెందుకు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. అరిగిన టైరు బిగించింది తను, పాపం మాత్రం అల్లుడిదట. లేచి బల్ల దగ్గరికి పోయి తమిళంలో అందుకున్నాను. సార్, ఈయన నిద్రపోలేదు, టైరు పగిలింది, పగులుతుందని ముందే చెప్పినా మార్చలేదు, బండికి ఇప్పుడున్నది నిన్న బిగించిన టైరు, కావాలంటే వచ్చి తడిమి చూడండి, ఇప్పుడు నిద్రపోయానని చెప్పమని మా చిన్నాయన తెలుగులో నేర్పిస్తున్నాడు, అని ఒక్క ఊపిరిలో అరిచాను. చిన్నాయన మొహం పాలిపోయింది. నన్ను పెంచిన మనిషి మొహం అది. అయినా నాకు ఆ క్షణాన జాలి కలగలేదు, కలిగిందని అబద్ధం రాయను.

హెడ్ కానిస్టేబుల్ టీ గ్లాసు కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత తెలుగులో, అచ్చం మా ఊరి యాసలో అన్నాడు:

“నాకు తెలుసుమ్మా. మొదటినుంచీ వింటానే ఉండాను. మనలో మనకు ఇది వద్దు. ఇంటి మాటను ఇట్ల వీధిలోకి లాగొద్దు. పెద్దాయన మంచికే చెప్తా ఉండాడు.”

అంతటితో ఆయన తెలుగు అయిపోయింది. మా ఆయన వైపు తిరిగి, కన్ను ఎక్కడ మూతపడిందని తమిళంలో అడిగాడు. మా ఆయన చెప్పారు, అతను రాసుకున్నాడు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు ముద్ర వేయించాడు.

చిన్నాయన కారు ఎక్కనన్నాను. మా ఆయన నాతోపాటు బస్సెక్కారు, కానీ దారి పొడవునా మొహం అటే తిప్పుకున్నారు. బస్సు చాలా దూరం వచ్చాక, “మామ ముందర నువ్వు అట్ల అరవకూడదు” అన్నారు. అంత జరిగాక నా మొగుడికి గుర్తున్నది అదీ. నేను కూడా ఊరుకోలేదు, బస్సులో అందరూ వినేలాగే అడిగాను, మీరు చేయని తప్పు ఎందుకు నెత్తిన వేసుకున్నారని.

“ఆ యమ్మకు డబ్బు రాకపోతే?” అన్నారు.

“రాదని ఎవరు చెప్పినారు?”

“మామ చెప్పినాడు కదా.”

తర్వాత నేనే పోయి ఒక వకీలును అడిగాను. టైరు పాడైనా నిద్రపోయినా చనిపోయినవాళ్ళ ఇంటికి డబ్బు వస్తుందమ్మా, మహా అయితే కంపెనీవాళ్ళు దాన్ని తర్వాత బండి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు అన్నాడు. యజమాని అంటే చిన్నాయన. పరుగున ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకు చెప్పాను. “వకీళ్ళు ఏమైనా చెప్తారు. నిజంగా రాకపోతే ఆ పాపం ఎవురిది?” అని పక్కకు తిరిగి పడుకున్నారు. పడుకున్నారే గానీ నిద్రపోలేదు. చెయ్యి అతుక్కుంది, పిడికిలి మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. కేసుతో లైసెన్సు పోయింది. షెడ్డులో కూర్చుని వచ్చే పోయే బండ్లకు గాలి చూస్తున్నారు. చిన్నాయన పండక్కి బట్టలు పంపాడు, నేను తిప్పి పంపాను, మా ఆయన వెళ్ళి తెచ్చుకున్నారు.

మొన్న వాయిదాకు తేని కోర్టుకు వెళ్ళాం. వరండాలో ఒక ముసలామె మా దగ్గరికి వచ్చింది. ఆ జామకాయల తాత భార్య. తిడుతుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను. ఆమె అదేమీ చేయలేదు. మా ఆయన చేతి వైపు చూసింది, ఇంకా నొప్పి ఉందా అని అడిగింది. తర్వాత, చాలా రోజుల నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతున్న మాటలాగా, తమిళంలో మెల్లగా అడిగింది. నిద్రొస్తే పక్కన ఆపి కాసేపు పడుకోకూడదా నాయనా, అని.

ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేశాను. ఈయన నిద్రపోలేదమ్మా, టైరు పగిలింది, మీ ఆయన లేవడం ఈయన చూశారు, చెయ్యి విరిగినా స్టీరింగు వదల్లేదు, అని.

ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసుకోలేదు. తల మాత్రం మా ఆయన వైపు తిప్పి, నిజమా అని అడిగింది.

ఆయన నా వైపు చూడలేదు.

“లేదమ్మా” అన్నారు. “నిద్రపోయాను.”