పంటి మీది చారలు

మొన్న దవాఖానలో పళ్ల డాక్టరమ్మ నా నోట్లో అద్దం పెట్టి పాఠం మొదలుపెట్టింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగుమాత్రంగా ఉంటే పంటి పైపొర గట్టిపడుతుందట, పుచ్చు పట్టదట, ఎముకకూ బలమట. మోతాదు మించితే మాత్రం పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయట, ఎముకలు బిగుసుకుపోతాయట. "ఆ చారలు తోమితే పోవు అవ్వా" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ సంగతి నాకు ఎనిమిదేళ్లప్పుడే తెలుసు.

అమ్మ పుట్టిల్లు నల్లగొండ వైపు. ఆ ఊరి బావినీళ్లు తాగి పెరిగిన అమ్మకూ, ఆమె తమ్ముడు మా మామకూ పళ్ల నిండా చారలే. మా ఊరు పుప్పాలగూడలో అలాంటి పళ్లు ఎవరికీ లేవు. నిజాం రాజ్యం చివరి రోజులు, దొరల మీద రైతులు తిరగబడ్డ కాలం. మామ తన ఊరి దొర గడీలో బందీగా ఉండి, తప్పించుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ దొర మనుషులు ఊరూరా తిరుగుతూ, కొత్త మగవాడు కనిపిస్తే నోరు తెరిపించి చూస్తున్నారని తెలిసింది. చారలుంటే నల్లగొండవాడు, నల్లగొండవాడైతే సంఘపోడు, దొరల మీద తిరగబడ్డోడు. అంతే వాళ్ల తెలివి, థూ!

అమ్మ ఇటుకపొడితో చిగుళ్లు చిట్లేదాకా మామ పళ్లు తోమింది. ఒక్క చారా పోలేదు. ఇంతలో పక్క వాడకట్టులో దొర మనుషుల అరుపులు మొదలయ్యాయి.

"బావా, గీ పండ్లు రాలగొట్టు. జల్ది!" అన్నాడు మామ.

నాన్న కారం నూరే గుండ్రాయి అందుకున్నాడు. మొదటి దెబ్బకు పెదవి చీలింది, పన్ను కదలలేదు. మామ నెత్తురు ఉమ్మి నవ్వాడు.

"ఆడోళ్ల లెక్క కొడ్తవేంది బావా?"

నాన్న ఏడుస్తూ మళ్లీ కొట్టాడు. నాలుగో దెబ్బకు ముందు పళ్లన్నీ పోయాయి. నేను కింద రాలిన పళ్లు ఏరి నీళ్ల గోలెం వెనక దాచాను.

దొర మనుషులు ముగ్గురు వచ్చారు. "నా తమ్ముడు. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు" అన్నాడు నాన్న. మామ నోరు తెరిచాడు. నెత్తురు తప్ప ఏమీ కనిపించలేదు. తిరిగి వెళ్లబోతూ ఒకడు ఊరికే, సరదాకు, ఆ నోటి మీద కర్రతో కొట్టాడు.

"కొట్టకుండ్రి, నీ బాంచెన్!" అమ్మ కేక పెట్టింది. ఏడుపు ఆపుకోడానికి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారి, చారల పళ్లు బయటపడ్డాయి. మగవాళ్లనే చూస్తారనుకున్నాం, అమ్మ పళ్ల సంగతి మాకెవరికీ తట్టనే లేదు.

"ఓహో! ఆమెదేమో నల్లగొండ నోరు, గీడేమో చెట్టు మీదికెల్లి పడ్డడా!" అన్నాడు కర్ర పట్టుకున్నవాడు.

మామను వాకిట్లోనే కొట్టి చంపారు. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను.

అమ్మ తమ్ముడి తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఆమె దగ్గరికి వచ్చి, "నువ్వు నోరు తెర్వకపోతే వాడు బతుకుతుండె" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నాన్నను నేను ఇవాళ్టికీ క్షమించలేదు.