ముందు ఏది కాపీ చెయ్యాలి

పలాస వచ్చాకే మా ఇంటి కంప్యూటరు మూలగడం మొదలుపెట్టిందని నా భార్య అంటుంది. నిజం కాదు. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడే దానికి ఉప్పుగాలి పట్టింది. అమ్మకి కిడ్నీలు పాడై డయాలసిస్ తప్పనిసరి అయ్యాక పలాసలో అద్దెకు దిగాం. మాతోపాటు కంప్యూటరూ దిగింది.

ఓ ఆదివారం పొద్దున అది తెరుచుకోలేదు. లోపల హార్డ్ డిస్కు టకటకా కొట్టుకుంటోంది. బజార్లో రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, "పోయినట్టే సార్, కొత్తది ఏసుకోండి" అన్నాడు. ఆ మాట నేనూ చెప్పగలను. టెక్కలి ఆఫీసులో గుమాస్తాగా ముసలి కంప్యూటర్లతో వేగుతున్నవాణ్ని, స్క్రూడ్రైవరు తెచ్చుకుని కూర్చున్నాను.

డిస్కు అడుగున ఉన్న పచ్చ పలక విప్పితే కరెంటు అందే చుక్కలు నల్లబడి ఉన్నాయి. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెరుపు వచ్చేదాకా రుద్దాను. మళ్లీ బిగించి, లాప్‌టాప్‌కి తగిలించి, టేబుల్ ఫాను దానిమీదకి తిప్పాను. ఫోల్డర్లు కనిపించాయి. గర్వంగానే అనిపించింది. కాసేపటికే మళ్లీ టకటక. చల్లారనిచ్చి పెడితే లేచింది గానీ, ఇంకోసారి లేస్తుందన్న నమ్మకం లేదు.

అందులో మాకు కావలసినవి రెండే: అమ్మ పాత రిపోర్టులు, ఊళ్లో మా తోట ఫొటోలు. విశాఖ డాక్టరు పాత రిపోర్టులన్నీ తెమ్మన్నారు. కాగితాలు మేం ఊళ్లో ఉండగా వచ్చిన తుఫానులో తడిసి ముద్దయ్యాయి, స్కాన్ చేసినవి ఈ డిస్కులోనే ఉన్నాయి. ఆ తుఫానుకే తోటా పోయింది. ఇందులో ఆలోచించడానికేముందని రిపోర్టుల మీదకి మౌసు తీసుకెళ్లాను.

"ఏటి సేత్తన్నావు?" అంది మంచం మీంచి అమ్మ. చెప్పాను.

"రిపోర్టులు ఒద్దు. తోట తియ్యి."

"డాక్టరు అడిగారమ్మా."

"రగతం మళ్లీ ఇత్తే రిపోర్టు మళ్లీ ఇత్తారు. నా పనసని ఎవులిత్తారు?"

ఆ పనస మొక్కని ఆవిడ కన్నవారింటి నుంచి తెచ్చి నాటుకుంది. మాకంటే దాన్నే బాగా చూసుకునేదని మా అన్నదమ్ములకి కుళ్లు. తుఫానుకి చెట్టు కూలిపోయాక అమ్మ ఒక్కసారీ దాని ఊసెత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. ఇప్పుడు నాకు ఒళ్లు మండింది. చెట్టు ఎక్కువా, ప్రాణం ఎక్కువా అని అరిచాను.

"పేణం నాది కాదేటి?" అంది.

తోట ఫోల్డరే కాపీ చేశాను. కార్తీక వనభోజనాల ఫొటోలు ఒక్కొక్కటే వచ్చాయి. తరవాత రిపోర్టులు తెరవబోతే డిస్కు ఆగిపోయింది. మళ్లీ రబ్బరు, మళ్లీ ఫాను. లేవలేదు.

లాప్‌టాప్ తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టాను. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు, విస్తరాకుల ముందు కూర్చున్న చుట్టాలు. ఆవిడ ఎవర్నీ పట్టించుకోలేదు, అందరి వెనకాలా వెతుకుతోంది. పనస ఒక్క ఫొటోలోనే దొరికింది. పైన కాసిన్ని ఆకులు, పక్కన సగం కాయ. మాను కనపడాల్సిన చోట చేతులు కట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

"ఒరే, కూసింత పక్కకి జరగరా," అంది, నాతో కాదు, ఫొటోలో ఉన్నవాడితో. ఫోన్లో బొమ్మని జరిపినట్టు నా మీద వేలు పెట్టి పక్కకి నెట్టింది.

నేను కదల్లేదు.