వాని జైలు బువ్వకు నేనే కట్టిన

సహోదరీ సహోదరులారా, మీకందరికీ ప్రభువు పేరట వందనాలు. నా పేరు సత్తెమ్మ, మాది తిరుమలగిరి దగ్గర ఊరు, హాలియాల ఉన్న ఈ మందిరానికి పన్నెండేండ్ల సంది వస్తున్న. మీల శానామందికి యాదుండే ఉంటది, రెండేండ్ల కింద నేను ఇదే మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పిన, కోర్టుల నేను గెలిచిన, దేవుడు నా పైసలు నాకు ఇప్పిచ్చిండు అని చెప్పిన, మీరంత చప్పట్లు కొట్టిండ్రు, పాస్టరమ్మ పాట గూడ ఎత్తుకున్నది. ఆ సాక్ష్యం తప్పు. కావాలని అబద్ధమాడలే, తెలువక చెప్పిన. కోర్టుల గెలుసుడు వేరే, పైసలు చేతికొచ్చుడు వేరే అని అప్పటికి నాకు ఎరుక లేదు. అందుకని ఇయ్యాల ఆ సాక్ష్యం వాపస్ తీసుకొని అసలుది చెప్పనీకి నిలబడ్డ, జర ఓపిక పట్టుండ్రి.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. మా ఆయన యాదయ్య చిన్నప్పటి సంది మందెంబడి తిరిగినోడే, నాలుగు గోడల నడుమ పండుకుంటే నిద్ర పట్టని మనిషి. ఒక ఏడు ఆయన కాలు ఇరిగి దవాఖానల పడ్డడు, మందను సూసేటోళ్లు లేరు, గప్పుడు పక్కూరి సైదులు అని గొర్ల బేరగాడొస్తే నలభై గొర్లు ఒక్కసారే తోలిచ్చినం. పండుగెల్లంగనే పైసలిస్తనని నోటు రాసి సంతకం పెట్టిండు. పండుగెల్లింది, మళ్ల ఇంకో పండుగ గూడ వచ్చింది, అడగపోతే రేపంటడు, రేపు పోతే ఎల్లుండంటడు. కాలు బాగైనంక మా ఆయనకు కాయనీకి గొర్లు లేవు, ఇగ షాద్‌నగర్ల ఒక కంపెనీ గేటు కాడ వాచ్‌మెన్‌గా చేరిండు. గుట్టలెంబడి తిరిగినోడు కుర్చీల కూసున్నడు. ఫోన్ చేస్తే గొర్ల ముచ్చటే, ఎవరిదో మంద రోడ్డు దాటంగ సూసిన అని చెప్తడు. సైదులు పైసలిస్తే మళ్ల మంద కొంటం, ఆయన ఇంటికొస్తడు, ఇయ్యకుంటే ఆ గేటు కాడ్నే ముసలోడైతడు. నాకు గదొక్కటే రంది.

ఆ నోటు పట్టుకపోయి కోర్టుల కేసేసిన, గెలిచిన, డిక్రీ అని తీర్పు కాయితం చేతికొచ్చింది. ఇక్కడ సాక్ష్యం చెప్పిన తెల్లారి ఒక సంచి మడిచి కొంగుల పెట్టుకొని వకీలు సారు దగ్గరికి పోయిన, పైసలు ఏ కిటికీ కాడ ఇస్తరు సారూ అని అడిగిన. ఆయన నవ్వలే, మంచోడు, కూసోవెట్టి ఇవరంగ చెప్పిండు. డిక్రీ అంటే సైదులు ఇయ్యాలె అని కోర్టు చెప్పుడే, ఆయన ఇయ్యకుంటే మళ్ల ఇంకో దరఖాస్తు పెట్టాలె, అప్పుడు కోర్టు అమీను పోయి ఆయన ఆస్తి జప్తు చేస్తడు, గని ఆయనకు ఏమేం ఉన్నయో కోర్టు ఎతుక్కుంట తిరుగది, నువ్వే తెలుసుకొని లిస్టు రాసియ్యాలె అన్నడు.

సహోదరులారా, దాపెట్టకుండ చెప్తున్న, నాది పుట్టుకతోనే తొంగి సూసే బుద్ధి. బస్సుల పక్కన కూసున్నామె సంచిల ఏమున్నదో తెలిసేదాక నాకు పాణం నిలువది. అసొంటిదానికి కోర్టే చెప్పె, పోయి సూడు అని. ఇగ ఆగుతనా? సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకొని, మొఖానికి కొంగు అడ్డమేసుకొని సైదులు ఊర్లె గల్లీ గల్లీ తిరిగిన. పండ్ల కాలం ఒడిసినంక చీపుర్లు అమ్మిన. ఆయనింటి గోడ పొట్టిగుంటది, నిలబడ్డకాడికెల్లే అంత కనపడుతది, కొత్త మోటర్ సైకిలు, ఫ్రిజ్జు, ఎనుక దొడ్డి నిండ గొర్లు. అన్నీ మనసుల రాసుకున్న. పోను పోను గది యావ అయికూసున్నది. వాళ్లింట్ల ఏ పూట ఏం కూర వండిండ్రో వాసన పట్టి చెప్పేదాన్ని, మా ఇంట్ల పొయ్యి అంటుబెట్టింది లేనిది మాత్రం సోయి లేదు. ఆదివారం ఇక్కడ కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే నాకు యేసయ్య యాదికి రాలే, సైదులు బండి నంబరు యాదికొచ్చింది. ప్రభువు నన్ను క్షమించును గాక.

లిస్టు పట్టుకొని అమీను సారు పోయిండు, నేను గూడ ఎంబడి పోయిన. సైదులు నెమ్మదిగ కాయితాలు తీసి ఒక్కొక్కటి సూపిచ్చిండు. బండి బామ్మర్ది పేర్ల ఉన్నది, భూమి భార్య పేర్ల ఉన్నది, ఇల్లు తల్లి లింగమ్మవ్వ పేర్ల ఉన్నది, ఆఖరికి గొర్ల చెవులకు బిళ్లలుంటే వాటి బీమా కాయితం గూడ లింగమ్మవ్వ పేరే. సైదులు పేర్ల మిగిలింది ఒక మంచం, నాలుగు వంట బోకెలు. వాటిని ముట్టుకోవద్దని చట్టంల ఉన్నదట. అమీను సారు కలం జేబుల పెట్టుకొని ఎల్లిపోయిండు. లింగమ్మవ్వ ఇంటి కడప మీద కూసొని నన్నే సూసింది.

గప్పటి సంది నా ప్రార్థన మారింది. మూడు దినాలు ఉపవాసముండి, మోకాళ్ల మీద ఏం అడిగిన్నో చెప్పనీకి సిగ్గయితున్నది. "ప్రభువా, వాన్ని జైల్ల ఎయ్యి, నేను నా కండ్లతోని సూడాలె" అని అడిగిన. పైసలు, మంద, మా ఆయన, ఏదీ యాదికి రాలే. వకీలు సారు జైలుకు పంపాలెనని దరఖాస్తు గూడ పెట్టిండు. సైదులు అంగడిల గొర్లమ్మి పైసలు జేబుల పెట్టుకునుడు నేనే ఎన్నిసార్లు సూసిన, అదే జడ్జిగారి ముందల చెప్పిన, ఉండి గూడ ఇస్తలేడని కోర్టు నమ్మింది, జైలుకు పంపనీకి ఆర్డరయ్యింది. నాకు సంబురం ఆగలే. ఇగ సాక్ష్యానికి కొత్త చీర కొనాలెనని గూడ అనుకున్న. అప్పుడు వకీలు సారు అద్దాలు తీసి తుడుసుకుంట చెప్పిండు.

"ఒక్కటున్నదమ్మా. ఆయన జైల్ల ఉన్నన్ని దినాలు తిండి ఖర్చు నువ్వే కట్టాలె. ముందుగాల కోర్టుల బత్తా జమ చెయ్యాలె. కట్టుడు ఆపితే ఆయన్ను ఇడిసిపెడ్తరు."

"నా గొర్లు తిన్నోనికి నేను బువ్వ పెట్టాల్నా సారూ?"

"చట్టం గట్లనే ఉన్నదమ్మా."

బస్సుల కూసొని అదే ఆలోచన. గీ చట్టం రాసినోడు ఎవడు, ఏ మతిల ఉండి రాసిండు, ఆయనకు ఎవరన్న అప్పు పడ్డరా లేదా! కోపమొచ్చింది, ఇంకో దిక్కు నవ్వొచ్చింది, పక్కామె నన్ను సూసి జర దూరం జరిగింది. గప్పుడు నా గుండెల ఒక మాట తగిలింది, పగోనికి ఆకలైతే అన్నం పెట్టుమన్న వాక్యం. ఈ మందిరంల ఎన్నిసార్లు ఇన్ననో, ఇన్నప్పుడల్ల అది ఎవరికో చెప్తున్నరు అనుకున్న. నాకే చెప్పనీకి దేవుడు నన్ను కోర్టుదాక తోల్కపోయిండా అనిపిచ్చింది. ఇంటికొచ్చి ప్రార్థన చేసిన, "తండ్రీ, వానికి బువ్వ పెట్టే మనసు నాకు లేదు, ఉన్నదని అబద్ధం చెప్పను, కావాల్నంటే నువ్వే ఇయ్యి" అని. తర్వాత మా ఆయనకు ఫోన్ చేసిన, కట్టాల్సింది ఆయన జీతమే గద. "మనిషిని ఆకలితోని ఉంచొద్దు గదనే, కట్టు" అన్నడు. తెల్లారి పోయి కట్టిన.

వారంటు పట్టుకొని పొద్దుగాల అమీను సారు, నేను సైదులు ఇంటికి పోయినం. రెండేండ్లు గోడ మీదికెల్లి సూసిన ఇంట్లకు మొదటిసారి కాలు పెట్టిన. సైదులు పళ్లెం ముందట కూసున్నడు, చెయ్యి అన్నంలనే ఉన్నది. లెవ్వు అన్నడు అమీను సారు. నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో గని, తిననియ్యుండ్రి సారూ, జరంత ఆగుదం అన్న. నేనే ఇచ్చంత్రపోయిన. ఇదే సూడాలెనని కదా మూడు దినాలు ఉపవాసమున్న.

లింగమ్మవ్వ కడప కాడికెల్లి లేసి వచ్చి, జైల్ల వీనికి బువ్వ ఎవరు పెడ్తరు సారూ అని అడిగింది. గీ అమ్మనే కట్టింది అని అమీను సారు నా దిక్కు సూపిచ్చిండు. ముసలామె నన్ను సూసింది, పళ్లెం దిక్కు సూసింది, కొడుకు దిక్కు సూసింది. సైదులు తల ఎత్తలే.

"గొర్లు నా పేర్ల ఉన్నయని కాయితం సూపిస్తివి గదరా. నా పేర్ల ఉన్నయి నేనిస్త" అని కొడుకుతోని అని, నా దిక్కు తిరిగింది. "రా బిడ్డా, దొడ్డి తలుపు తియ్యి, నలభై ఎంచుకో" అన్నది నాతోని.

దేవునికే మహిమ! జప్తు కావద్దని ఆయన తల్లి పేర్ల పెట్టిన గొర్లే, తల్లి చేతులకెల్లి నాకొచ్చినయి. మేమందరం కోర్టుకు పోయినం, జడ్జిగారి ముందల నాకు ముట్టిందని సంతకం పెట్టిన, సైదులు ఇంటికి పోయిండు. ఫోన్ చేసి చెప్పంగనే మా ఆయన గేటు తాళం అప్పజెప్పి సాయంత్రం బస్సుకే దిగిండు, ఇంట్లకు రాకుండ ముందుగాల మా దొడ్డిల గొర్ల నడుమ పోయి కూసున్నడు. నేను ఏడ్సిన.

నేను కట్టిన బత్తా ఖర్చు కాలే, కోర్టు వాపస్ ఇచ్చింది. అది సైదులు తిండికని పెట్టిన పైస, దాన్ని నా ఇంట్ల ఎట్ల పెట్టుకోను? పోయిన ఆదివారం ప్రేమవిందుల మీరంత తిన్న బువ్వ, కూర ఆ పైసలదే. బయట బండి మీద కూసున్నాయన ఎవరని మీల కొందరు అడిగిండ్రు గద, ఆయనే సైదులు, తల్లిని తోల్కొచ్చిండు, లోపలికి మాత్రం రాలే. లింగమ్మవ్వ ఆయనకు పళ్లెం బయటికి తీస్కపోయింది. తిన్నడా, ఇడిసిపెట్టిండా నాకు తెలువది. మన మందిరం గోడ గూడ పొట్టిదే, మునిగాళ్ల మీద లేస్తే కనపడేదే. నేను సూడలే. సహోదరులారా, దేవుడు నాకు గొర్లిచ్చిండు, మా ఆయన్ను ఇంటికి తెచ్చిండు, గని నన్ను ఇడిపిచ్చింది మాత్రం సైదులు ఇంటి గోడ కాడికెల్లి.

మీల ఎవరన్న ఇట్లనే ఎవరింటి గోడ కాడనో నిలబడి బతుకు ఎల్లదీస్తుంటే, రావాల్సింది అడుగుండ్రి, కోర్టుకు పోవాల్సొస్తే పోండ్రి, నేను వద్దనను. కడుపుల మంట మాత్రం యేసయ్య చేతిల పెట్టుండ్రి, ఆయన్ను నమ్మినోళ్లను ఆయన ఇడిసిపెట్టడు. లింగమ్మవ్వ ఇయ్యాల గూడ వచ్చింది, అగో ఎనుక వరుసల కూసున్నది. బయట బండి ఆగిన సప్పుడు ఇనపడ్డది, మళ్ల పోయిన సప్పుడు ఇనపడలే. ఎవరన్న పోయి సైదులును లోపలికి రమ్మనుండ్రి, మా ఆయన పక్కన జాగా ఉన్నది. ఆమేన్.